నల్ల పావులతో ఏ ఇబ్బందిని ఒప్పుకుంటారు?

ఆదివారం ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే) చెస్ టోర్నమెంట్లలో మూడో రౌండుకీ నాలుగో రౌండుకీ మధ్య, భోజనాల వేళ, ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. ఈమధ్య అడిగింది ఎనిమిదో తరగతి చదివే ఒక అబ్బాయి తండ్రి. "సార్, మావాడికి అటాకింగ్ అంటే ప్రాణం. అందుకే నల్ల పావులకి సిసిలియన్ నేర్పించాం. ఆర్నెల్లయింది, రేటింగ్ పెరగట్లేదు. డిఫెన్స్ మార్చేయమంటారా?"

నేను పిల్లలకు చెస్ నేర్పుతాను, వీలున్న వారాంతాల్లో ఆడతాను కూడా. మార్చమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ అబ్బాయి నలుపుతో ఓడిపోయిన చివరి ఐదు ఆటల స్కోర్ షీట్లు (ఎత్తులు రాసుకునే కాగితాలు) తెచ్చి చూపించమన్నాను. ఆయన కాస్త నొచ్చుకున్నారు. గెలిచినవి చూపిస్తే పిల్లాడి సత్తా తెలుస్తుంది కదా అన్నారు. సత్తా ఉందని నాకూ తెలుసు. కానీ డిఫెన్స్, అంటే తెలుపు ఎత్తులకు నలుపు ఇచ్చే జవాబు పద్ధతి, ఎంచుకోవడానికి కావలసిన సమాచారం గెలిచిన ఆటల్లో దొరకదు.

ఏ డిఫెన్స్ ఎవరికి అనే విషయం మీద ఒక లెక్క చాలా ఏళ్లుగా తిరుగుతోంది. దూకుడుగా ఆడేవాళ్లకు సిసిలియన్, కింగ్స్ ఇండియన్. నెమ్మదస్తులకు కారో-కాన్, స్లావ్. మొండివాళ్లకు ఫ్రెంచ్. వినడానికి బాగుంటుంది. ఈ లెక్క నమ్మి డిఫెన్స్ ఎంచుకున్న పిల్లలు ఏడాది తిరక్కుండానే విసిగిపోవడం చాలాసార్లు చూశాను. అసలు అడిగే ప్రశ్నలోనే లోపం ఉంది. నీకు ఏం ఇష్టం అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది దాడి చేయడం ఇష్టమంటారు. దాడి చేయడం ఎవరికి చేదు? ఏ రకం ఇబ్బందిలో నీ బుర్ర పనిచేస్తూ ఉంటుంది అని అడిగినప్పుడే మనిషికీ మనిషికీ ఉన్న తేడా బయటపడుతుంది.

ఎందుకంటే తెలుపు ఎప్పుడూ ఒక ఎత్తు ముందుంటుంది. ఆ ఒక్క ఎత్తు మూలంగా నలుపు వైపు కూర్చున్నవాళ్లు మొదటి పది పదిహేను ఎత్తుల్లో ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది. అది బోర్డు మీద చోటు కావచ్చు, సమయం కావచ్చు, బంటుల పొందిక కావచ్చు, రాజు భద్రత కావచ్చు. ఏమీ వదులుకోకుండా అన్నీ ఇచ్చే డిఫెన్స్ ఉండి ఉంటే ప్రపంచమంతా ఈపాటికి అదొక్కటే ఆడుతుండేది. ప్రతి డిఫెన్సూ ఒక బేరం. ఇది ఇస్తాను, బదులుగా అది తీసుకుంటాను. తీసుకునేది అందరికీ నచ్చుతుంది కాబట్టి, ఇచ్చేదాన్ని చూసే మనం బేరం కుదుర్చుకోవాలి.

పేర్ల గురించి ఒక మాట. ఇంట్లో మంత్రి, శకటు అనే పిల్లలే టోర్నమెంట్ హాల్లో అడుగుపెట్టగానే క్వీన్, బిషప్ అంటారు. నేనిక్కడ ఆ రెండింటికీ ఇంగ్లిష్ పేర్లే వాడుతున్నాను. బంటు, గుర్రం, ఏనుగు, రాజు మన పేర్లతోనే ఉంటాయి. గళ్ల పేర్లలో ఏ నుంచి హెచ్ దాకా ఇంగ్లిష్ అక్షరం నిలువు వరసను, అంకె తెలుపు వైపు నుంచి లెక్కించిన అడ్డ వరసను చెబుతాయి. 'ఈ4' అంటే ఈ-వరసలో నాలుగో గడి. పావు పేరు లేకుండా గడి పేరు మాత్రమే చెబితే అది బంటు ఎత్తు.

బేరం అంటే ఏమిటో అర్థం కావాలంటే ఫ్రెంచ్, కారో-కాన్ డిఫెన్సులను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింటి మధ్య తేడా ఒక్క గడి. ఆ ఒక్క గడిలో ఎంతో విషయం ఉంది.

తెలుపు రాజు ముందున్న బంటును ఈ4కి నడిపింది. నలుపు తన రాజు ముందరి బంటును ఒక్క గడి మాత్రమే, ఈ6కి నడిపితే అది ఫ్రెంచ్. తర్వాత తెలుపు డీ4, నలుపు డీ5. 1834లో లండన్, పారిస్ క్లబ్బులు ఉత్తరాల మీద ఆడిన పోటీలో పారిస్ వాళ్లు ఇలా ఆడారు, ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు తెలుపు తన బంటును ఈ5కి తోసిందనుకోండి. బోర్డు మధ్యలో బంటులు ఒకదానికొకటి అడ్డుపడి కదలకుండా నిలబడిపోతాయి. నలుపుకు పని చాలా స్పష్టంగా ఉంటుంది. డీ4లో ఉన్న తెల్ల బంటు ఆ గొలుసుకు పునాది. సీ5 బంటు, సీ6కి గుర్రం, బీ6కి క్వీన్, అన్నీ వచ్చి ఆ ఒక్క బంటు మీదే పడతాయి. ఇంత సూటిగా పని చూపించే డిఫెన్సులు తక్కువ. ఏం చేయాలో తెలియక దిక్కులు చూసే అవసరం దాదాపు రాదు.

దీనికి ఇచ్చే మూల్యం సీ8లో కూర్చున్న బిషప్. నలుపు తన చేతులతోనే ఈ6 బంటును దానికి అడ్డంగా పెట్టింది. అది బయటికి రావడానికి ఒక్కోసారి ఇరవై ఎత్తులు పడుతుంది, ఒక్కోసారి ఆట ముగిసేదాకా అక్కడే ఉంటుంది. ఇంకో మూల్యం కూడా ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. ఈ5లో పాతుకుపోయిన తెల్ల బంటు ఎఫ్6 గడిని నలుపు గుర్రానికి అందకుండా చేస్తుంది. రాజు పక్కన సహజంగా కాపలా ఉండాల్సిన గుర్రం అక్కడ ఉండదు. తెలుపు క్వీన్ రాజు వైపు వచ్చినప్పుడు ఆ వెలితి తెలుస్తుంది.

కారో-కాన్‌లో నలుపు ఈ6 బదులు సీ6 ఆడుతుంది. తర్వాత అదే డీ5. హొరేషియో కారో, మార్కస్ కాన్ అనే ఇద్దరు 1886లో దీని విశ్లేషణ ప్రచురించారు. ఇప్పుడు బిషప్ తలుపు తెరిచే ఉంది. తెలుపు బంటును ఈ5కి తోస్తే బిషప్ హాయిగా ఎఫ్5కి వచ్చేస్తుంది, ఆ తర్వాతే ఈ6. ఫ్రెంచ్‌కు ఉన్న జబ్బు నయమైనట్టేనా? ఆ జబ్బు నయమైంది, కానీ వేరే ఖర్చు పడింది. డీ4 మీద దాడికి నలుపు బంటు ఎప్పటికైనా సీ5కి వెళ్లాలి. ఫ్రెంచ్‌లో ఒక్క ఎత్తులో వెళ్లే దూరానికి ఇక్కడ రెండు ఎత్తులు. పైగా బంటు సీ6లో ఉన్నంతసేపూ గుర్రానికి అతి మంచి గడి పోయినట్టే. కాబట్టి కారో-కాన్ ఆడేవాళ్లు ఏమీ కానట్టు కనిపించే పొజిషన్లలో, నింపాదిగా, ఒక ఎత్తు వెనక ఉండి ఆడగలగాలి.

సొంత బిషప్ ఇరుక్కుని ఉంటే గాలి ఆడనట్టు అనిపించే పిల్లలు ఉంటారు. ఆ బిషప్‌ను ఎలాగైనా బయటికి లాగాలనే తొందరలో బంటులు పోగొట్టుకుంటారు. వాళ్లకు ఫ్రెంచ్ పడదు. ఇంకొందరికి చేతిలో స్పష్టమైన పని లేకపోతే కాళ్లు చేతులు ఆడవు, అనవసరంగా రాజు ముందరి బంటులను కదిలిస్తారు. వాళ్లకు కారో-కాన్ పడదు. ఇందులో దూకుడు, నెమ్మది అనే మాటలకు చోటెక్కడుందో చెప్పండి.

కారో-కాన్‌ను భద్రత కోసం ఎంచుకునేవాళ్లకు ఇంకో హెచ్చరిక. తెలుపు డీ5లో బంటు కొట్టి, వెంటనే సీ4 ఆడితే దాన్ని పనోవ్ దాడి అంటారు. ప్రశాంతంగా ఉందనుకున్న ఆట ఒక్కసారిగా తెరుచుకుంటుంది. తెలుపుకు డీ4లో ఒంటరి బంటు మిగులుతుంది, దాని చుట్టూ తెల్ల పావులన్నీ చురుగ్గా తిరుగుతాయి. ఆ ఒంటరి బంటును దిగ్బంధం చేసి, పావులు ఒక్కొక్కటే మార్పిడి చేస్తూ ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలే చివరి దశ) దాకా లాక్కెళ్లడం నలుపు పని. ఇది రాకుండా కారో-కాన్ ఆడటం వర్షాకాలంలో గొడుగు లేకుండా బయల్దేరడమే.

ఒకే డిఫెన్స్ ఒకే మనిషికి రెండు రకాల ఫలితాలు ఎలా ఇస్తుందో చైనా గ్రాండ్‌మాస్టర్ డింగ్ లిరెన్ ఆటల్లో చూడొచ్చు. 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆస్తానాలో జరిగింది. ఏడో ఆటలో నెపోమ్నియాషి మీద డింగ్ ఫ్రెంచ్ ఆడాడు. ఆట బాగానే నడిచింది. తర్వాత గడియారంలో నిమిషాలు కరిగిపోతుంటే ఎత్తు వేయలేక అలాగే ఉండిపోయాడు, ఓడిపోయాడు. 2024 నవంబర్‌లో సింగపూర్‌లో మన గుకేశ్‌తో జరిగిన ఛాంపియన్‌షిప్ మొదటి ఆటకే మళ్లీ అదే ఫ్రెంచ్ తీశాడు. ఈసారి 42 ఎత్తుల్లో గెలిచాడు. ఏడాదిన్నర ముందు ఓడించిన డిఫెన్స్‌ను అంత పెద్ద వేదిక మీద మళ్లీ ఎందుకు నమ్మాడు? ఆస్తానా ఆటలో అతన్ని పడగొట్టింది ఫ్రెంచ్ కాదు, టైమ్. పొజిషన్‌లోని ఇబ్బంది అతనికి అలవాటైనదే. ఓడిన ఆటను ఇలా విడదీసి చూసుకోగలగడం మనకూ రావాలి. (గుకేశ్ ఆ తర్వాత కోలుకుని ఛాంపియన్ అయ్యాడు. ఆ మ్యాచ్‌లో అతనికి సాయం చేసిన బృందంలో గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడని గుర్తు చేసుకుంటే నాకెప్పుడూ సంతోషంగా ఉంటుంది.)

ఇక సిసిలియన్. అందరూ దాడికి మారుపేరుగా చెప్పుకునే ఈ డిఫెన్స్ నిజంగా ఏం అడుగుతుందో చూద్దాం.

ఈ4కి జవాబుగా సీ5. మామూలుగా తెలుపు గుర్రాన్ని తెచ్చి, డీ4 ఆడి, ఆ గడిలో బంటులు మార్పిడి చేస్తుంది. నలుపు పక్కనున్న సీ-బంటును ఇచ్చి తెలుపు మధ్య బంటును తీసుకుంది. ఇప్పుడు మధ్యలో నలుపుకు రెండు బంటులు, తెలుపుకు ఒకటి. సీ-వరస నలుపు ఏనుగుకు తెరుచుకుంది. చాలా దూరం చూస్తే ఇది నలుపుకు లాభం. దగ్గరి చూపులో మాత్రం తెలుపు పావులు ముందే బయటికి వచ్చేశాయి, నలుపు రాజు ఇంకా మధ్యలోనే ఉన్నాడు. అంటే మొదటి దాడి తెలుపుది. సిసిలియన్ ఆడేవాళ్లు ముందు ఆ దాడిని తట్టుకోవాలి, తట్టుకుంటూనే ఎదురుదాడికి దిగాలి.

డ్రాగన్ అనే రకం తీసుకోండి. నలుపు బిషప్ జీ7లో కూర్చుంటుంది. తెలుపు క్వీన్ వైపు కాస్లింగ్ చేసి (రాజును ఏనుగు చాటుకు పక్కకు చేర్చి), హెచ్4, హెచ్5 అంటూ బంటును దూసుకెళ్లనిచ్చి, హెచ్6లో బిషప్‌ను పెట్టి నలుపు రాజు ముందరి కోటను పగలగొడుతుంది. నలుపు ఆ సమయంలో సీ-వరసలో తన పని చేసుకుపోవాలి. అవసరమైతే సీ3లో గుర్రం కోసం ఏనుగునే బలి ఇవ్వాలి. మన రాజు తలుపు ఎవరో గొడ్డలితో కొడుతున్న చప్పుడు వింటూ లెక్క తప్పకుండా ఆలోచించడం అందరివల్లా కాదు. 1995లో న్యూయార్క్‌లో ఆనంద్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆడుతూ కాస్పరోవ్ అనుకోకుండా డ్రాగన్ బయటికి తీసి 11వ ఆట గెలిచాడు. కాస్పరోవ్‌కు ఆ చప్పుడు మధ్యే బుర్ర ఇంకా బాగా పనిచేసేది.

స్వెష్నికోవ్ అనే రకంలో నలుపు ఐదో ఎత్తులోనే ఈ5 ఆడి డీ5 గడిని శాశ్వతంగా వదిలేస్తుంది. ఆ గడిని కాపాడే బంటు ఇక ఉండదు, తెల్ల గుర్రం అక్కడ సింహాసనం వేసుకుంటుంది. డీ6 బంటు వెనకబడి బలహీనంగా నిలబడుతుంది. ఒకప్పుడు దీన్ని చూసి పెద్దపెద్ద ఆటగాళ్లే పెదవి విరిచారు. బదులుగా దొరికేది పావుల చురుకుదనం, రెండు బిషప్‌లు. బలహీనమైన గడి కళ్లముందు కనిపిస్తుంటే నిద్రపట్టని స్వభావం మీదైతే దీని జోలికి వెళ్లకండి.

సిసిలియన్ గురించి కోచ్‌లు తొందరలో చెప్పకుండా వదిలేసే విషయం ఇంకొకటి ఉంది. మన స్థాయి టోర్నమెంట్లలో ఎదుటివాళ్లు చాలామంది గుర్రం తెచ్చి డీ4 ఆడే ఆ మామూలు దారిలో రారు. నా దగ్గరికి వచ్చే పిల్లల స్కోర్ షీట్లు చూస్తే ఒకరు రెండో ఎత్తులోనే బిషప్‌ను సీ4కి తెస్తారు, ఇంకొకరు సీ3 ఆడతారు, మరొకరు గుర్రాన్ని సీ3లో పెట్టి అన్నీ మూసేసి కూర్చుంటారు. ఇంకొకరు గుర్రం తేకుండానే రెండో ఎత్తుకు డీ4 ఆడి, బంటును బలి ఇచ్చే స్మిత్-మోరా గాంబిట్ ఆడతారు. మనవాడు ఆర్నెల్లు కష్టపడి నైడార్ఫ్ అనే సిసిలియన్ రకంలో ఇరవై ఎత్తులు కంఠస్థం చేసి వెళితే రెండో ఎత్తుకే ఆ చదువంతా పక్కకు పోతుంది. ఇది చిన్న స్థాయి గోల మాత్రమే కాదు. 2018లో లండన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్ సిసిలియన్ ఆడుతుంటే, కరువానా కూడా మొదట్లో మూడు ఆటల్లో డీ4 జోలికి పోకుండా బిషప్‌ను బీ5కి తీసుకెళ్లాడు. కాబట్టి సిసిలియన్ ఇచ్చే అసలైన ఇబ్బంది దాడి కాదు, చదువు భారం. రోజుకు గంట చెస్‌కు కేటాయించగలిగిన, గుర్తుంచుకోవడం మీద విసుగు లేని పిల్లలకు అది ఆనందం. పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాళ్లకు అది రెండో సిలబస్.

ఈ4కి ఈ5 అనే పాత జవాబు అన్నిటికంటే ఎక్కువ నేర్పిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. మొదలుపెట్టే పిల్లలందరికీ రెండేళ్లపాటు అదే ఆడమంటాను. తెలుపు ఆడే ఇటాలియన్, స్కాచ్, రూయ్ లోపెజ్, రకరకాల గాంబిట్లు (బంటును బలి ఇచ్చే ఆరంభాలు) అన్నీ ఎదురవుతాయి, అన్నిట్లో దెబ్బలు తగులుతాయి. ఆ దెబ్బల తర్వాతే మన స్వభావం మనకు తెలుస్తుంది. దీని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, ఒక్క బెర్లిన్ కథ తప్ప.

2000 సంవత్సరం, లండన్. కాస్పరోవ్‌తో ప్రపంచ టైటిల్ మ్యాచ్‌కు వచ్చిన క్రామ్నిక్ నలుపుతో రూయ్ లోపెజ్‌కు బెర్లిన్ డిఫెన్స్ ఆడాడు. ఎనిమిదో ఎత్తుకే క్వీన్‌లు రెండూ బోర్డు దిగిపోతాయి. నలుపు రాజు కాస్లింగ్ హక్కు పోగొట్టుకుని మధ్యలోనే తిరగాలి. సీ-వరసలో బంటులు రెండు ఒకదానివెనక ఒకటి పడతాయి. బంటులు, రాజులు మాత్రమే మిగిలే ఎండ్‌గేమ్ వస్తే ఆ బంటుల పొందిక వల్ల తెలుపే గెలిచేలా ఉంటుంది. ఇన్ని ఇచ్చి నలుపు తీసుకునేది రెండు బిషప్‌లు, ఎక్కడా పగుళ్లు లేని గోడ. క్రామ్నిక్‌కు క్వీన్‌లు లేని, నెమ్మదిగా నలిగే ఆట ఇబ్బందే కాదు. కాస్పరోవ్‌కు క్వీన్ లేకపోవడమే పెద్ద ఇబ్బంది. మ్యాచ్‌లో నాలుగుసార్లు బెర్లిన్ వచ్చింది, నాలుగూ డ్రా అయ్యాయి. మొత్తం మ్యాచ్‌లో కాస్పరోవ్ ఒక్క ఆటా గెలవలేకపోయాడు, టైటిల్ 8.5–6.5తో పోయింది. తనకు భరించగలిగిన ఇబ్బంది ఎదుటివాడికి భరించలేనిదైతే అంతకు మించిన డిఫెన్స్ లేదు.

డీ4 వైపు వస్తే, అక్కడి డిఫెన్సుల పేర్లలో మన దేశం పేరే ఎక్కువ వినిపిస్తుంది. కింగ్స్ ఇండియన్, క్వీన్స్ ఇండియన్, నిమ్జో-ఇండియన్. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ అనే ఆయన జాన్ కాక్రేన్ అనే బ్రిటిష్ ఆటగాడితో ఎన్నో ఆటలు ఆడారు. మధ్యలోకి బంటులను రెండు గళ్లు తోయకుండా, బిషప్‌ను జీ7లో పక్కకు కూర్చోబెట్టి దూరం నుంచి కొట్టే ఆయన పద్ధతి ఆ స్కోర్లతో పాటు యూరప్ చేరింది. మన పాత చదరంగంలో బంటుకు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదా. మా ఇంట్లో పెద్దవాళ్లు అలాగే ఆడేవారు. ఆ అలవాటున్న చేతికి జీ6, డీ6 ఎంత సహజంగా వస్తాయో నేను కళ్లారా చూశాను.

కింగ్స్ ఇండియన్‌లో నలుపు చోటును ఇచ్చేస్తుంది. మధ్యలో తెలుపు బంటులు విశాలంగా పరుచుకుంటాయి. తర్వాత నలుపు ఈ5 ఆడి, తెలుపు డీ5కి తోసి మూసేశాక బోర్డు రెండు భాగాలవుతుంది. తెలుపు క్వీన్ వైపు సీ5 ఆడుతూ చొచ్చుకొస్తుంది, నలుపు రాజు వైపు ఎఫ్5, ఎఫ్4, జీ5, జీ4 అంటూ బంటులను పరుగెత్తిస్తుంది. చూడ్డానికి మహా దాడి. కానీ అందులో మనం ఒప్పుకున్నది ఏమిటంటే, క్వీన్ వైపు మన ఇల్లు కూలిపోతుంటే వెనక్కి తిరిగి చూడకుండా ముందుకే నడవడం. సగం దూరం వెళ్లి భయపడి వెనక్కి వచ్చినవాళ్లు రెండు వైపులా ఓడిపోతారు. ఎన్నో గొప్ప ఆటలు దీంతోనే గెలిచిన కాస్పరోవ్ కూడా 1990ల చివర్లో దీన్ని పక్కన పెట్టేశాడు. ఇక మన వారాంతపు టోర్నమెంట్లలో డీ4 ఆడేవాళ్లలో చాలామంది సీ4 ఆడరు. బిషప్‌ను ఎఫ్4లో పెట్టి, ఈ3, సీ3తో లండన్ సిస్టమ్ కట్టుకుంటారు. అక్కడ ఆ పరుగుపందెం అసలు మొదలే కాదు. కింగ్స్ ఇండియన్ అగ్గి కోసం వెళ్లినవాళ్లు లండన్ ముందు చల్లబడిపోవడం నాకు బాగా తెలిసిన దృశ్యం.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ ఉంది. తెలుపు డీ4, సీ4 ఆడితే నలుపు డీ5, ఈ6. ఫ్రెంచ్‌లాగే సీ8 బిషప్ ఇరుక్కుంటుంది, కానీ మధ్యలో చోటు వదులుకోం, గోడ గట్టిగా ఉంటుంది. గ్రున్‌ఫెల్డ్ మధ్యలో ఉంటుంది. మధ్య గళ్లన్నీ తెలుపుకు అప్పగించి, జీ7 బిషప్‌తో, సీ5 బంటుతో ఆ కోటను కూల్చే పని. దానికి లెక్క కచ్చితంగా ఉండాలి, ఎత్తుల క్రమం తప్పితే కోట మన మీదే కూలుతుంది.

ఇవి రెండూ ఒకే మ్యాచ్‌లో ఆనంద్ చేతిలో ఎలా నడిచాయో చూడండి. 2010లో సోఫియాలో టోపలోవ్‌తో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి ఆటకు ఆనంద్ గ్రున్‌ఫెల్డ్ ఆడాడు. ఇంట్లో సిద్ధం చేసుకున్న ఎత్తుల క్రమం బోర్డు ముందు తారుమారైంది, టోపలోవ్ గుర్రాన్ని ఎఫ్6లో బలి ఇచ్చి త్వరగానే ముగించాడు. చివరి ఆటకు వచ్చేసరికి స్కోరు 5.5–5.5. ఆనంద్ నలుపు. డ్రా అయితే ర్యాపిడ్ టైబ్రేక్, ర్యాపిడ్‌లో ఆనంద్ ఎంత బలవంతుడో టోపలోవ్‌కు తెలుసు. ఆనంద్ క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్‌లో లాస్కర్ డిఫెన్స్ ఎంచుకున్నాడు. రెండు మూడు పావులు మార్పిడి అయి, గోడ నిలబడి, ఎక్కడా పట్టు దొరకని ఆట. గెలవాలనే ఒత్తిడి టోపలోవ్‌దైంది. అతనే తన రాజు ముందరి వరసలు తెరుచుకున్నాడు, ఆనంద్ ఆ దారిలోనే వెళ్లి గెలిచాడు. అత్యంత నిశ్శబ్దమైన డిఫెన్స్‌తో, నలుపు పావులతో, ప్రపంచ టైటిల్ నిలబెట్టిన గెలుపది. డిఫెన్సివ్ అనే ముద్ర వేసి దాన్ని పిల్లలకు చూపించకపోవడం నాకు బాధనిపిస్తుంది.

ఇప్పుడు ఆ ఐదు స్కోర్ షీట్ల దగ్గరికి వద్దాం. వాటిని నేను ఎలా చదువుతానో చెబితే మీ ఆటలకు మీరే చేసుకోవచ్చు.

ముందు ఇంజన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఆపేస్తాను. ఇంజన్ తప్పు ఎత్తును చూపిస్తుంది, ఆ తప్పు ఎందుకు వచ్చిందో చెప్పదు. తప్పుకు నాలుగైదు ఎత్తుల ముందు బోర్డు ఎలా ఉందో చూస్తాను. మధ్యలో బంటులు మూసుకుపోయి ఉన్నాయా, తెరుచుకుని ఉన్నాయా. క్వీన్‌లు బోర్డు మీద ఉన్నాయా. చోటు ఎవరికి ఎక్కువ. రాజు మీద దాడి నడుస్తోందా. ఐదింటిలో మూడు ఆటలు ఒకే రకం బోర్డు దగ్గర కుప్పకూలితే అక్కడే ఆ పిల్లాడు భరించలేని ఇబ్బంది ఉంది. తర్వాత టైమ్. ఆన్‌లైన్ ఆటలైతే ప్రతి ఎత్తుకూ ఎంత సేపు పట్టిందో కనిపిస్తుంది. ఎనిమిదో ఎత్తుకే నాలుగు నిమిషాలు ఆలోచించారంటే గుర్తు తెచ్చుకోవడానికి పెనుగులాడుతున్నారు. పద్దెనిమిదో ఎత్తు దగ్గర అంత సేపు ఆగితే ఏం చేయాలో ప్లాన్ దొరకడం లేదు. మొదటిదానికి తక్కువ కంఠస్థం ఉన్న డిఫెన్స్ కావాలి, రెండోదానికి ఫ్రెంచ్‌లా పని చూపించే డిఫెన్స్ కావాలి.

ఆ తర్వాత ఒక చిన్న పరీక్ష. ఓపెనింగ్ పేరు చెప్పకుండా మూడు పొజిషన్లు పెడతాను. ఒకటి ఫ్రెంచ్ బంటుల గొలుసు, ఒకటి పనోవ్‌లో వచ్చే ఒంటరి బంటు, ఒకటి మూసుకుపోయిన కింగ్స్ ఇండియన్. ప్రతిదానిలో నలుపు వైపు కూర్చుని నాలుగేసి ఆటలు ఆడాలి, స్నేహితుడితోనైనా సరే. గెలుపోటములు రాసుకోవద్దు. ఏ బోర్డు ముందు ఊపిరి బాగా ఆడిందో అది రాసుకోవాలి. చిన్నపిల్లలు కూడా దీనికి భలే నిజాయితీగా జవాబు చెబుతారు.

ఎవరితో ఆడుతున్నామన్నది కూడా లెక్కలోకి రావాలి. వరంగల్‌కు చెందిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ రేటింగ్ జాబితాలో 2801కి చేరాడు. ఆ మెట్టు ఎక్కిన దారిలో ఓపెన్ టోర్నమెంట్లు చాలా ఉన్నాయి. తనకంటే తక్కువ రేటింగ్ వాళ్లతో డ్రా చేసుకుంటే పాయింట్లు పోతాయి కాబట్టి నలుపుతోనూ గెలుపు కోసం ఆడాల్సిందే. అలాంటప్పుడు గోడ కట్టే డిఫెన్స్ ఒక్కటే చేతిలో ఉంటే సరిపోదు. మనలో ఎక్కువమందికి ఆ సమస్య రాదు. ఎదుటివాళ్లు తప్పులు చేస్తూనే ఉంటారు, మనం నిలబడి ఉంటే చాలు. అయినా ఏడాదికి ముప్పై ఆటలు ఒకే డిఫెన్స్‌తో ఆడాక రెండోదాన్ని నేర్చుకోవడం మొదలుపెట్టడం మంచిదే.

ఈ4కి, డీ4కి రెండు డిఫెన్సులు ఎంచుకునేటప్పుడు ఒకే కుటుంబంలోవి తీసుకుంటే శ్రమ తగ్గుతుంది. కారో-కాన్‌కు స్లావ్ తోడు, రెండింట్లోనూ సీ6, డీ5, బిషప్‌కు తెరిచిన తలుపు. ఫ్రెంచ్‌కు క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ తోడు. డీ4కి కూడా ఈ6తోనే జవాబిస్తే తెలుపు ఈ4 ఆడినా మన ఫ్రెంచ్‌లోకే వస్తుంది. జీ7 బిషప్ అంటే ఇష్టమైతే డ్రాగన్, కింగ్స్ ఇండియన్ కలిసి నడుస్తాయి.

ఆ అబ్బాయి ఐదు ఓటముల్లో నాలుగింట్లో ఎదుటివాళ్లు డీ4 ఆడనే లేదు. పన్నెండో ఎత్తుకు చేరేసరికే అతని గడియారంలో సగం సమయం అయిపోయింది. ఆశ్చర్యం ఏమిటంటే, ఒక్క ఆటలో కూడా తన రాజు మీద దాడికి ఓడిపోలేదు. క్వీన్‌లు దిగిపోయాక, టైమ్ లేక, బంటు తేడాతో ఓడిపోయాడు. మూడు పొజిషన్ల పరీక్షలో కింగ్స్ ఇండియన్ ముందు ఉత్సాహంగా కూర్చుని రెండో ఆటకే విసుక్కున్నాడు. ఒంటరి బంటు బోర్డు దగ్గర మాత్రం లేవనే లేదు. నాలుగు అన్నాను, ఏడు ఆడాడు. "ఈ బంటుని ఇలా ఆపేసి, మెల్లగా ఒక్కోటీ మార్చేస్తుంటే బాగుంది సార్" అన్నాడు.

తండ్రి నా వైపు చూసి, "అయితే మావాడు అటాకింగ్ కాదా?" అన్నారు. దాడి చేయడం అతనికి వచ్చు, తెల్ల పావులతో చేస్తూనే ఉన్నాడు అన్నాను. ఇప్పుడు కారో-కాన్ మొదలుపెట్టి మూడు వారాలైంది. బిషప్ ఎఫ్5కి వచ్చేశాక తెలుపు జీ4, హెచ్4 తోస్తే ఏం చేయాలన్నది ప్రస్తుతం అతని సందేహం. వచ్చే ఆదివారం దాని మీదే కూర్చుంటున్నాం.